కిలో బియ్యం మీద కెమెరా

మొదటి రోజు, ఆదివారం: కంబాలకొండ

కార్తీకమాసం ఆదివారం నాడు కెమెరా పట్టుకుని కంబాలకొండకు వెళ్లడం తెలివైన పని కాదు. తెలిసే వెళ్లాను. ఐదు రోజుల సెలవు దొరకడమే గొప్ప, అందులో ఒకటి ఆదివారమైతే ఏం చేస్తాం?

హనుమంతవాక దాటి హైవే మీద ఎండాడ వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క జూ, ఎడమచేతి పక్క కంబాలకొండ. గేటు దగ్గర అప్పటికే బస్సులు, ఆటోలు. పులిహోర డేక్సాలు దింపుతున్నారు. ఒకాయన ఉసిరి కొమ్మను భుజాన వేసుకుని వచ్చాడు. లోపల ఉసిరిచెట్టు దొరక్కపోతే ఆ కొమ్మనే నేలలో గుచ్చి, దాని చుట్టూ విస్తళ్లు వేసేస్తారన్నమాట. వనభోజనాలకు వనమంతా ఉన్నా ఉసిరి లేకపోతే ఎలా?

నాతో మా మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఈలోగా రీల్స్ చేస్తున్నాడు. డ్రోన్ తెస్తానన్నాడు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేస్తే డ్రోన్‌తో పాటు నిన్ను కూడా పట్టుకుపోతారని భయపెట్టి ఆపాను.

విశాఖలో పెరిగినవాడికి ఫొటో అంటే సముద్రమే. నేనూ పదేళ్లు అదే తీశాను. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, కైలాసగిరి మీద నుంచి అలల గీత, ఎక్కడో ఒక మూల డాల్ఫిన్ నోస్ కొండ. సగం ఆకాశం, సగం నీళ్లు. కెమెరా అడ్డంగా పట్టుకుంటే చాలు, మిగతాది సముద్రమే చూసుకుంటుంది. అడవిలో ఆ సుఖం లేదు. కంటికి అందంగా కనబడిన చోట కెమెరా పెట్టి చూస్తే కొమ్మ మీద కొమ్మ, తీగ మీద తీగ, చూపు ఎక్కడ ఆనాలో తెలియని చిక్కుముడి. అడవిని చూసేటప్పుడు మన కన్ను అక్కర్లేనివన్నీ తనంతట తానే పక్కకు నెట్టేస్తుంది. కెమెరాకు ఆ మర్యాద తెలియదు. చిప్స్ ప్యాకెట్టుతో సహా అన్నీ చూపిస్తుంది.

నేను ప్రతి కార్తీకంలోనూ ఇక్కడికి రావడానికి కారణం ఒక జీడిమామిడి చెట్టు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల గాలికి విశాఖ ఎలా బోడిగుండు అయిపోయిందో అప్పుడిక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కొండలు పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగాయి. ఆ గాలికి ఈ చెట్టు సగం వేళ్లతో పెళ్లగిలి అడ్డంగా పడిపోయింది. చచ్చిందనుకున్నాం. మర్నాటేడు వచ్చి చూస్తే పడుకున్న మాను మీద నాలుగు కొమ్మలు నిలువుగా లేచి ఉన్నాయి. ఇప్పుడు అవే నాలుగు చెట్లలా అయ్యాయి. 2015 నుంచి ఏటా తీస్తున్నాను. ఒక్క ఫొటో కూడా కుదరలేదు.

ఈరోజూ కుదరలేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడ్డ ఎండ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఫొటోలో చొక్కా మీద సున్నం చిందినట్టు తెల్లటి మచ్చలైపోతుంది. నీడలో ఉన్న మాను కనబడేలా సరిచేస్తే మచ్చలు ఇంకా తెల్లబడతాయి. మచ్చలను తగ్గిస్తే మాను బొగ్గైపోతుంది. పైగా ఆ మాను మీద ఒక కుటుంబం వరసగా కూర్చుని అంత్యాక్షరి ఆడుతోంది. వాళ్లు మాకు అరటాకులో పులిహోర, చక్కెరపొంగలి పెట్టారు. తిని వచ్చేశాం.

రెండో రోజు, సోమవారం: మళ్లీ అక్కడికే

రాత్రి వార్తల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. మా ఆవిడ బాల్కనీలో బట్టలు తీయమంది. నేను లోపల సంబరపడ్డాను. బయటికి చెప్పలేదు, సోమవారం ఉపవాసం ఉన్న మనిషికి కోపం తెప్పించడం మంచిది కాదు.

తెల్లారేసరికి సన్నటి ముసురు. కంబాలకొండ ఖాళీ. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి, నగరం నడుమ ఉన్నట్టే ఉంటుంది, చిరుతలు తిరిగే చోటు. నిన్న అంతమంది జనంలో చిరుత సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఈరోజు గేటు దాటగానే మా వాడికి గుర్తొచ్చి నా వెనకే నడిచాడు.

ముందుగా ఒక తప్పు చెప్పుకోవాలి. రాత్రంతా కెమెరా ఏసీ గదిలో పెట్టాను. బయట తడిగాలి. బ్యాగు తెరవగానే చల్లటి లెన్స్ మీద ఆవిరి కమ్మేసింది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. అద్దం బయటి గాలంత వెచ్చబడేదాకా ఆగడం తప్ప దారి లేదు. ఇరవై నిమిషాలు ఆ చెట్టు ముందు ఊరికే నిలబడ్డాం.

"మావయ్యా, వచ్చి అరగంటయింది. ఒక్కటి కూడా తియ్యలేదేటి?"

"చూస్తున్నాన్రా."

"నిన్న చూశావు కదా."

నిన్న చూడలేదు. ఇన్నేళ్లూ కూడా చూడలేదని ఆ ఇరవై నిమిషాల్లో తెలిసింది. నిలువుగా లేచిన నాలుగు కొమ్మల్లో రెండోది, మూడోది ఒకదాని వెనక ఒకటి పడి, నేను ఎప్పుడూ నిలబడే చోటు నుంచి ఒక్క లావు మానులా కనబడుతున్నాయి. నాలుగు చెట్ల కథ అనుకుంటూ ఏటా మూడు చెట్ల ఫొటో తీస్తున్నాను. ఎడమకు రెండడుగులు జరిగితే వాటి మధ్య నుంచి సన్నటి వెలుతురు గీత. ఇంకో అడుగు జరిగితే ఆ సందులోకి వెనకాల ఉన్న తునికి మొక్క దూరుతోంది. కాబట్టి రెండడుగులే.

అడవి ఫొటోలో పని చాలావరకు కాళ్లదే. కళ్లు చికిలించి చూస్తే ఆకులూ కొమ్మలూ మాయమై నల్లటి ముద్దలూ తెల్లటి ముద్దలూ మిగులుతాయి. ఆ ముద్దలు ఒకదాన్నొకటి తాకకుండా ఎక్కడ నిలబడాలో వెతుక్కోవాలి. తర్వాత ఫ్రేము అంచుల వెంట కన్ను తిప్పాలి. సగం తెగిన కొమ్మ, పై మూలలో ఆకాశం చిల్లు. ముసురు రోజున ఆకాశం ఉత్త తెలుపు. ఆ తెలుపు గోరంత కనబడినా చూపు అటే పరిగెడుతుంది. అందుకే నేను వైడ్ లెన్స్ ఇంట్లో వదిలేసి, దూరాన్ని దగ్గరకు లాగే 70-200 జూమ్ లెన్స్ ఒక్కటే తెచ్చుకుంటాను. దూరం నుంచి కొంచెమే తీసుకుంటే ఆకాశాన్ని తప్పించుకోవచ్చు.

ఇక పోలరైజర్, అంటే లెన్స్ ముందు బిగించి తిప్పే ఫిల్టరు. వానకు తడిసిన ఆకు పచ్చగా మెరుస్తుందనుకుంటాం. నిజానికి ప్రతి తడి ఆకూ ఒక చిన్న అద్దం, తెల్లటి ఆకాశాన్ని మన మొహాన కొడుతుంది. పోలరైజర్‌ను మెల్లగా తిప్పుతుంటే ఒక దగ్గర ఆ తళుకు జారిపోయి, కింద నుంచి అసలు పచ్చ బయటికొస్తుంది. మా వాడి ఫోను ముందు దాన్ని పెట్టి తిప్పి చూపించాను. "ఓర్నీ!" అన్నాడు. వాడి నోటి నుంచి ఈ రెండు రోజుల్లో నాకు దొరికిన పెద్ద మెప్పు అదే. అయితే ఊరికే రాదు, వెలుతురులో సగానికి పైగా మింగేస్తుంది. అడవిలో అసలే చీకటి. లెన్స్ కన్నాన్ని ఎఫ్ 11కి చిన్నది చేస్తే షట్టర్ వేగం సెకనులో నాలుగో వంతుకు పడిపోయింది. చేత్తో పట్టుకుంటే కుదరదు, ట్రైపాడ్ ఉండాలి. గాలి వీస్తే ఆకులు అలుక్కుపోతాయి, కాబట్టి గాలి ఆగాలి. గాలి ఆగేదాకా మనం ఆగాలి.

తొమ్మిది తీశాను. నాలుగు మాన్లు నాలుగుగా కనబడ్డాయి. బాగుందా అంటే, తప్పు లేదు అంతే. పడుకున్న మాను బరువు ఇంకా ఫొటోలోకి రాలేదు.

ఇంటికొచ్చాక బురద పట్టిన ట్రైపాడ్ కడిగి, కెమెరా కింద బిగించే ప్లేటును విప్పి, బాల్కనీ గోడ మీద ఆరబెట్టాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

మూడో రోజు, మంగళవారం: రైలు

కిరండూల్ పాసింజర్. అద్దాల పెట్టెలో టికెట్లు దొరకలేదు, మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన కూర్చున్నాం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన దారి ఇది. శృంగవరపుకోట దాటి, బొడ్డవర తర్వాత కొండ మొదలవుతుంది. మొత్తం 58 సొరంగాలట. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా కేకలు. మా వాడు మొదటి పది సొరంగాలకూ కేకలు పెట్టి, తర్వాత నిద్రపోయాడు.

బొర్రా గుహల స్టేషన్‌లో దిగి, జీపులో అనంతగిరి. కొండ పైకి వెళ్లేకొద్దీ ముసురు మబ్బుగా మారింది. గదిలో సామాను దింపి, ట్రైపాడ్ తీశాను. ప్లేటు లేదు.

బ్యాగు మొత్తం మంచం మీద గుమ్మరించాను. లేదు. మా ఆవిడకు ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్లి చూసి, "నల్లగా చదరంగా ఉందీ, ఇదేనా? వానలో తడుస్తోంది" అంది. ప్లేటు లేని ట్రైపాడ్ అంటే మూడు కాళ్ల కర్ర.

చాలాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాను. చివరికి కిరాణా కొట్టుకు వెళ్లి కిలో బియ్యం కొన్నాను.

"వండుకుంటారా? గ్యాసుందా గదిలో?" అని అడిగింది కొట్టామె.

"కాదమ్మా, కెమెరాకి తలగడ."

ఆమె ఇంకేమీ అడగలేదు. చిల్లర మాత్రం రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది, నా మీద నమ్మకం పోయినట్టుంది. బియ్యాన్ని పాలిథిన్ కవర్లో పోసి, గాలి తీసి, వదులుగా ముడేసి, దాని మీద నా కండువా చుట్టాను. గట్టిగా బిగిస్తే బండలా అయిపోతుంది. వదులుగా ఉంటే కెమెరా దానిలోకి కుదురుకుని కూర్చుంటుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే చాలు, కదలదు.

రాత్రి బొంగు చికెన్ తిన్నాం. మూడింటికి మెలకువ వచ్చింది. ఇంటి దగ్గరా అదే వేళకు వస్తుంది. అప్పుడు ఏ పార్టీ ఎంత బాకీ, ఏ లారీ ఎక్కడ ఆగిందీ అని లెక్కలు మొదలవుతాయి, తెల్లారేదాకా వదలవు. మా డాక్టరు దానికే పొద్దున్నే నడవమన్నాడు, ఆ నడకే కంబాలకొండ దాకా తీసుకెళ్లి అడవిలో కెమెరా పట్టించింది. ఈరోజు లేచి తలుపు తీసి చూశాను. ఎదురుగా వీధి దీపం లేదు. అంటే ఉంది, మంచులో మునిగిపోయింది. తలుపేసి మళ్లీ పడుకున్నాను. నిద్ర పట్టింది.

నాలుగో రోజు, బుధవారం: కాఫీ తోట

ఐదున్నరకల్లా రోడ్డు మీద ఉన్నాం. నిజానికి ఇది పొగమంచు కాదు, కొండకు తగులుకున్న మబ్బు. ఇంగ్లండులో అడవుల ఫొటోలు తీసేవాళ్లు ఇలాంటి పొద్దుల కోసం చలికాలం రాకముందు నుంచే కాచుకుంటారు. వాళ్లవి ఓక్ చెట్లు, బీచ్ అనే చెట్లు. ఆకు రాలే కాలంలో అడవి పలచబడుతుంది. మన దగ్గర నవంబర్‌లోనూ తీగలు, తుప్పలు, అడ్డాకుల పొదలు అన్నీ నిండుగా ఉంటాయి. ఈ దట్టాన్ని విడదీసి చూపించేది మబ్బొక్కటే. దగ్గరి మాను నల్లగా, పది గజాల అవతలిది బూడిదరంగుగా, దాని వెనకది ఉందా లేదా అన్నట్టుగా. చిక్కుముడి దానంతట అదే వరసలుగా విడిపోతుంది.

ఇక్కడ కెమెరా మోసపోతుంది. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే, వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను మురికి బూడిదలా మారుస్తుంది. వెలుతురును ఒక స్టాపు, అంటే రెట్టింపు, పైకి జరపాలి. రంగుల సంగతి కెమెరా ఆటో సెట్టింగుకి వదిలేస్తే ఆ చల్లటి నీలిఛాయను తుడిచేసి, ట్యూబులైట్ కింద తీసినట్టు చేస్తుంది. నేను పగటి వెలుతురు సెట్టింగు మీదే కట్టేసి ఉంచుతాను.

తోట గలవాళ్లను అడిగి లోపలికి వెళ్లాం. పైన సిల్వర్ ఓక్‌లు, వాటి నీడన కాఫీ మొక్కలు, మాన్ల మీదికి పాకిన మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దీని పేరు ప్యారిస్ దాకా తెలిసింది గానీ, నీడనిచ్చే ఈ చెట్టు ఆస్ట్రేలియాదని ఇక్కడ కాఫీ తాగేవాళ్లలో చాలామందికి తెలియదు. మాన్లు తిన్నగా, సన్నగా, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా వరసల్లో ఉంటాయి. ఫొటోకు మొదట బాగుంటుంది, ఐదు నిమిషాల్లో విసుగొస్తుంది. ఏ వైపు చూసినా అదే గీతల పుస్తకం.

పైగా నా దగ్గర ఉన్నది బియ్యం మూట. నచ్చిన చోట నిలబడలేను. మూట పెట్టడానికి రాయో, గట్టో, మోడో ఉండాలి. అలా వెతుక్కుంటూ వాలులో దిగితే మోకాలెత్తు రాతికట్ట ఒకటి దొరికింది. దాని మీద మూట పెట్టి, నేల మీద గొంతుకూర్చుని చూశాను. ట్రైపాడ్ ఉంటే నేను ఈ ఎత్తు నుంచి చూసేవాణ్ని కాదు. కాఫీ ఆకుల కింద నుంచి, ఆ సన్నటి మాన్ల వరసల వెనకాల, ఒక వంకర నీడ.

మబ్బు కదిలింది. నీడ చెట్టయింది. లావుగా, బొడిపెలతో, ఒక పక్కకు ఒరిగి, మళ్లీ పైకి తిరిగిన పనస. ఆ తిన్నని మాన్లన్నీ దానికి దారిచ్చి పక్కకు జరిగినట్టున్నాయి. ఒక్కటి తీసేలోపే మబ్బు మళ్లీ మూసేసింది.

కూర్చున్నాం. తడి నేల, ప్యాంటు నానిపోయింది. ఆకుల చివర్ల నుంచి నీటిబొట్లు టప్పు టప్పుమంటున్నాయి. మా వాడు ఫోను తీసి, సిగ్నల్ లేక లోపల పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి, కాసేపటికి ఊరుకున్నాడు. తర్వాత నాకంటే ముందు వాడే, "మావయ్యా, వాసన చూడు" అన్నాడు. కుళ్లిన ఆకు, తడి బెరడు, ఎక్కడో దూరంగా పొయ్యి పొగ. ఎంతసేపు గడిచిందో నేను చూసుకోలేదు.

పళ్లు కోయడానికి వచ్చినామె మమ్మల్ని చూసి ఆగింది. నడుముకు సంచి, అందులో అప్పటికే దోసెడు ఎర్రటి కాఫీ పళ్లు.

"ఏటి బాబూ, ఏదైనా పడిపోనాదా?"

"లేదమ్మా. చెట్టుని తీస్తున్నాను."

"ఏ చెట్టు? ఇన్నున్నాయి కదా."

చెయ్యి చూపించాను. అటు చూస్తే ఉత్త తెలుపు. ఆమె ఆ తెలుపు వంక చూసి, "పనసా?" అంది. కనబడకపోయినా ఆమెకు తెలుసు. "తోట యేసినప్పుడు అన్నీ కొట్టేసినారు. దాన్ని మా తాత కొట్టొద్దన్నాడు. పళ్లు మంచియి కావు, పిక్క పెద్దది. అయినా వద్దన్నాడు."

"ఎందుకూ?"

"ఏమో బాబూ. ఎండకి దాని కింద కూకునేవోడు."

ఆమె వరసల్లోకి వెళ్లిపోయింది. మబ్బు మరో రెండుసార్లు తెరుచుకుంది. ఒకసారి మరీ ఎక్కువగా విడిపోయి, వెనక కొండా కరెంటు స్తంభమూ బయటపడ్డాయి. రెండోసారి సరిగ్గా చాలినంత. పనస మొదలు నల్లగా, పై కొమ్మలు తెలుపులో కరిగిపోతూ, ముందు మాన్లు రెండు పక్కలా, ఒక్కటి కూడా దాని మీద పడకుండా. ఊపిరి బిగబట్టి, టైమర్ నొక్కి, చెయ్యి తీశాను. టిక్. ఇంకోటి. ఇంకోటి. మూడోదాని అంచున ఆ కాఫీ పళ్లామె భుజం, సంచి పడ్డాయి. నా అలవాటు ప్రకారం దాన్ని తీసేసేవాణ్ని. మా వాడు తెర మీద చూసి, "ఇదే బాగుంది, చెట్టు ఎంత పెద్దదో తెలుస్తోంది" అన్నాడు. వాడన్నదే నిజం. రీల్స్ చేసేవాడి మాట వినాల్సి వచ్చినందుకు కొంచెం బాధపడ్డాను.

పొద్దంతా కలిపి పదకొండు ఫొటోలు. సముద్రం దగ్గరైతే ఐదు నిమిషాల పని.

ఐదో రోజు, గురువారం: ఎండ

మబ్బు విడిచింది. ఫెళ్లున ఎండ. మా వాడి కోరిక మేరకు అరకు వెళ్లి వలిసె పూల చేలు చూశాం. కొండల కింద పసుపు దుప్పటి పరిచినట్టు, దాని గట్ల మీద నూరు మంది. చేలోకి దిగినందుకు డబ్బులు అడుగుతున్నారు. తొక్కిన పూల సంగతి తలుచుకుంటే అడగడం న్యాయమే అనిపించింది. మా వాడు మూడు రీల్స్ చేశాడు. నేను కాఫీ తాగాను.

సాయంత్రం బస్సులో ఘాట్ రోడ్డు దిగుతూ, కెమెరా వెనక తెర మీద పనసను చూస్తుంటే జీడిమామిడి గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ దాన్ని నిలబడే తీశాను. పడుకున్న చెట్టును నిలబడి చూస్తే దాని బరువెలా తెలుస్తుంది? పెళ్లగిలిన వేళ్ల వైపు నుంచి, నేల మీద మూట పెట్టి, మాను పొడుగునా చూడాలి. ఆ పక్కన ముళ్లపొద ఉంది, పాములుంటాయని ఎప్పుడూ వెళ్లలేదు. ముసురు పట్టిన రోజు చూసుకుని, బూట్లు వేసుకుని, కర్ర పట్టుకుని వెళ్లాలి.

ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ప్లేటు టీవీ పక్కన పెట్టి ఉంది, తుడిచి మరీ. నేను స్నానం చేసి వచ్చేలోపు మా ఆవిడ బ్యాగులో బట్టలు తీస్తూ, కండువా మూట విప్పింది. బియ్యం బాగానే ఉన్నాయి, పురుగు లేదు అని కుక్కర్లో పెట్టేసింది. కెమెరా తలగడ అది, దాచాలి అని చెప్పేలోపు మొదటి కూత వచ్చేసింది.

చారు, వంకాయ కూర. మా వాడు రెండోసారి పెట్టించుకుని, అన్నానికి కాఫీ ఆకుల వాసన వస్తోందన్నాడు. నాకేమీ రాలేదు.